పైపుల లెక్క

గురువారం పొద్దున
కళ్యాణదుర్గం బస్టాండు వెనక మంగలి షాపులో
ఓబుళపతి నాలుగు పేజీల పత్రికను
హనుమంతరాయుడు గట్టిగా చదువుతాడు.
కత్తెర ఆగిపోతాది.
సగం గీసిన గడ్డంతో కూచున్నోడు
నురగ ఆరిపోతాన్నా కదలడు.

"బొమ్మయ్య చేన్లో పన్నెండు నూర్ల అడుగులు తవ్వినా
చెంబెడు తడి లేదు.
వీళ్ళ మాటకు అడుగు లేదు,
మా కరువుకూ లేదు."

అబ్బ, ఏం మాట!
నా చేతులు నన్నడక్కుండానే చప్పట్లు కొట్టినాయి.
ఆ పార్టీ అంటే నాకూ మంటే గదా.
టీ తాగి బీడీ ముట్టిచ్చినాక
ఆ పన్నెండు నూర్లు
పంట్లో ఇరుక్కున్న శనక్కాయ పొట్టు మాదిరి
నాలిక్కి తగలబట్టె.

ఆ బోరు వేసిన బండి మాదే.
పైపు దిగినప్పుడల్లా లారీ డోరు మీద
సుద్దతో గీత గీసేది నేనే.
పైపు ఇరవై అడుగులు.
బొమ్మయ్య చేన్లో గీతలు నలభై రొండు.
ఎనిమిది నూర్ల నలభై. అంతే.
తడి లేదనేదీ నిజం గాదు.
పదహారో పైపు కాడ బూడిద దుమ్ము బురదయ్యింది,
ఆయన పెండ్లాం తిమ్మక్క పరిగెత్తుకొచ్చి టెంకాయ కొట్టింది.
అంగుళం నీళ్ళు.
రొండు నెల్లు ఉండి పొయినాయి,
టమోటా నారు నాటినాక.
లేని నీళ్ళ కంటే
ఉండి పొయిన నీళ్ళు పెద్ద దెబ్బ.
అది రాయలేదు ఆయప్ప.

సాయంత్రం పోయి అడిగినా.
ఎరువులంగడి మిద్దె మీద ప్రెస్సు,
మెట్లెక్కేటప్పుడే ముక్కుల్లో ఘాటు.
కండ్లద్దాలు నొసటి మీదికి తోసి
"మూడు నూర్ల అరవై అడుగులు తగ్గిస్తే
వాని కడుపుమంట తగ్గుతాదా, తిప్పేస్వామీ?"
అన్న్యాడు.
నోట్లో మాట లేక దిగొచ్చినా.

నడిరేయి మెలకువొచ్చి దొరికింది జవాబు:
అడుగుకు తొంభై రూపాయలన్నా.
నువ్వు కలిపిన అడుగులకు దుడ్డు ఎవురు కట్టినారు?
చేయని అప్పు గూడా
బొమ్మయ్య పేరు మీద రాస్తివి గదా.

దాని వెనకనే ఇంకోటి వచ్చి పక్కలో పండుకునింది.
పోయిన యేడు
మా పక్షమోళ్ళ కాలువ నీళ్ళు
కంబదూరు దాకా వచ్చినాయని
ఇదే ఓబుళపతి రాస్తే
పది కాపీలు కొని పంచినా.
కాలువ గట్టు మా ఇంటికి మూడు మైళ్ళు.
పోయి చూడలేదు.
ఆ పొద్దు నా సుద్దముక్క యాడ పారేసుకున్యానో.

మళ్ళా గురువారం, చివరి పేజీలో,
కల్యాణమండపం ప్రకటన కింద
ఆవగింజంత అచ్చరాల్లో:
"ఎనిమిది వందల నలభై అని చదువుకోవలెను."
హనుమంతరాయుడు అంతదూరం చదవడు.
చదివినా దానికి కత్తెర ఆగదు.
నేనే చించి జేబులో పెట్టుకున్యా.
అప్పట్నుంచి ఆయప్పను
ఒక పైపంత నమ్ముతాండా.

బొమ్మయ్యకు చదువు రాదు.
"నా గురించి ఏమో పడిందంట, చదువప్పా"
అని రొండు పేపర్లూ తెచ్చుకోమనె.
వాళ్ళ అరుగు మీద కూచోని
ముందు వారందీ చదివినా, దిద్దుబాటూ చదివినా.
చాన్సేపు నేల తట్టు చూసినాడు.
"పన్నెండు నూర్లే ఉండనీలే," అన్న్యాడు.
"ఎనిమిది నూర్లంటే
ఎవురొచ్చి చూస్తారు?"

సుద్ద అంటిన జేబు తడుముకుంటా
నేనేం చెప్పాల్నో ఎతుక్కుంటాంటే
లోపల్నుంచి తిమ్మక్క,
చాటలో రాళ్ళేరుతా,
తలెత్తకుండానే అడిగె:

"టమోటా నారు సంగతి
రాసినాడా?"

నాలుగు పేజీలూ
మళ్ళా తిప్పినా.